శూన్య సాధన చరిత్ర

కుండలోని నీటిని పారబోసిన పిమ్మట కుండ ఖాళీ అయినదని మనమందుము. కాని అది గాలితో నిండియే యున్నది. ఆ గాలిని సైతము తీసివేయుట యెట్లు? ఎంతవరకు తీసివేయవచ్చును? ఈ రెండు ప్రశ్నలును మూడున్నర శతాబ్దములకు పైగా శాస్త్రజ్ఞులచే పని చేయించుచున్నవి.

శూన్యము మనకు దూరపు వస్తువు కాదు. ఆమదాలవలసలో సహకార చక్కెర కర్మాగారము నడచిన దినములలో చెఱకు పండించు రైతులకు దాని ఉపయోగము పరోక్షముగా అందినదే. బెల్లము వండు పెనములో పాకము నూరు డిగ్రీలు దాటి ఉడికి ఎఱ్ఱబడును. చక్కెర కర్మాగారములలోని వాక్యూమ్ పాన్ అను మూతపాత్రలో గాలిని చాలవరకు లాగివేయుదురు. అందుచే పాకము సుమారు 65 డిగ్రీల వేడిమికే మరుగును, పంచదార మాడదు. పాతకాలపు రేడియో పెట్టెలోని వాల్వును చూచినవారికి గాజుబుడ్డి లోపల వెండిపూత వంటి మచ్చ యొకటి జ్ఞాపకముండును. అది సాధారణముగా బేరియము అను లోహము. పంపు తీయగా మిగిలిన గాలిని పీల్చి పట్టుకొనుట దాని పని.

1643లో ఇటలీ దేశమున టారిసెల్లీ పాదరసము నింపిన గొట్టమును తలక్రిందులు చేసి, దాని పైభాగమున శూన్యమును చూపెను. 1650 ప్రాంతమున జర్మనీలో ఓటో ఫన్ గెరికే గాలిపంపును నిర్మించెను. అతడు గాలి తీసిన రెండు అర్ధగోళములను గుఱ్ఱముల జట్లు లాగినను విడదీయలేకపోయిన ముచ్చట ప్రసిద్ధము. 1855లో గైస్లర్, 1865లో స్ప్రెంగెల్ పాదరసముతో పనిచేయు పంపులను కల్పించిరి. 1879 నాటి ఎడిసన్ విద్యుద్దీపమునకు ఇట్టి పంపులే ఆధారము. 1915లో గేడే, మరుసటి యేడు లాంగ్‌మ్యూర్, పాదరసపు ఆవిరిధార గాలి అణువులను తనతో కొనిపోవు డిఫ్యూజన్ పంపును రూపొందించిరి.

ఈ శాస్త్రమున ఆంధ్రుని కృషియు కలదు. పశ్చిమగోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో జన్మించిన స్వామి జ్ఞానానంద, యోగసాధన పిమ్మట ఐరోపాకు వెడలి, ప్రేగ్ నగరమున ఎక్స్-కిరణ వర్ణపటములను, లివర్‌పూల్‌లో చాడ్విక్ వద్ద బీటా కిరణములను పరిశోధించెను. గాలి ఈ కిరణముల త్రోవకు అడ్డు. కనుక ఇట్టి పరిశోధకునికి పంపు నిత్యసహచరి. 1947లో న్యూయార్కున ‘హై వాక్యువా’ అను ఆయన గ్రంథము వెలువడెను. అనంతరము ఆయన విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో అణుకేంద్ర భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పి, 1969లో పరమపదించెను.

చిత్రమేమనగా, సరిగా ఆ 1947లోనే శూన్యశాస్త్రమున ఒక పెద్ద సందేహము పొడసూపెను. పాదరసమానమున మిల్లీమీటరులో పదికోట్లవ వంతు వద్దకు రాగానే పీడనమాపకపు సూచి నిలిచిపోవుచుండెను. పంపుల శక్తి అంతేనని పలువురు తలచిరి. అమెరికాలో నాటింగ్‌హామ్ మాత్రము దోషము మాపకముదేమో యనెను. ఆ మాపకములో ఎలక్ట్రానులు జాలికి తగిలి బలహీనమైన ఎక్స్-కిరణములను పుట్టించును. అవి లోహపు రేకుపై పడి విద్యుత్తును కలిగింపగా, మాపకము దానిని గాలిగా లెక్కించుచుండెను. 1950లో బేయార్డ్, ఆల్పర్ట్ అనువారు వెడల్పాటి రేకునకు బదులు సన్నని తీగను అమర్చిరి. సూచి నూరింతలకు పైగా దిగెను. అనుకొన్నదానికంటె గొప్ప శూన్యము పూర్వమే చేతికందినదని, చూడగల కన్ను మాత్రమే లేదని తేలెను.

ఇంతటి శూన్యమేల? పీడనము మిల్లీమీటరులో పదిలక్షలవ వంతున్నపుడు సైతము, శుభ్రపరచిన లోహతలముపై ఒకటి రెండు సెకనులలోనే అణువుల పొర క్రమ్మివేయును. వెయ్యికోట్లవ వంతునకు తగ్గించినచో పరిశోధకునికి కొన్ని గంటల వ్యవధి దొరకును. ఉపరితలములను పరీక్షించు యంత్రములకు ఈ వ్యవధియే ప్రాణము. దీనికై నూనె ఆవిరి చేరని పంపులు 1958 ప్రాంతమున వచ్చినవి. బెకర్ నిర్మించిన టర్బో పంపులో అతివేగముగ తిరుగు రెక్కలు అణువులను వెలికి నెట్టును. అయాను పంపులో టైటేనియము వాటిని బంధించును. రేడియో వాల్వులోని బేరియమునకు ఇది తోబుట్టువు. పాత్రగోడల నంటిన నీటి అణువులను వదల్చుటకు పాత్రనంతటిని గంటల తరబడి కాల్చుదురు. ఇందోరులోని ఇండస్ యంత్రములయందు ఎలక్ట్రానులు అలసట లేక తిరుగుచుండుట ఇట్టి శూన్యముననే.

ఇన్ని చేసినను, వెయ్యికోట్లవ వంతు పీడనమున ఒక్క ఘన సెంటీమీటరులో ముప్పది లక్షలకు పైగా అణువులు మిగిలియే యుండును. సంపూర్ణ శూన్యము నేటికిని అందలేదు. అయినను మిగిలిన దెంతయో నిజముగా తెలిసికొనగలుగుటయే ఈ చరిత్రలో గొప్ప విజయము.