అల్లిన చేతులు, అల్లించిన చట్టం

తెలుగులో అల్లిక అనే మాట చాలా పనులకు సరిపోతుంది. వల అల్లుతాం, బుట్ట అల్లుతాం, ఉట్టి అల్లుతాం, జడ అల్లుతాం. కథలూ అల్లుతాం. మన మీద కూడా ఇతరులు కథలు అల్లారు. ఆంగ్లేయుల కాలపు కాగితాలు తిరగేస్తే మన చేతులు ఏం దొంగిలించాయన్న రాతలే ఎక్కువ. ఆ చేతులు ఏం తయారు చేశాయో, అందుకు ఎంత ఓపిక పట్టాయో, ఎక్కడ విసుక్కున్నాయో, ఎక్కడ మురిసిపోయాయో చెప్పే రాతలు తక్కువ. ఆ లోటు కొంత పూడ్చుదామని ఈ వ్యాసం.

పాత చిత్తూరు జిల్లాలోను, 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలోను మన వాళ్లలో ఎక్కువగా కనబడేది ముగ్గురు: ఎరుకల, యానాది, సుగాలి. ముగ్గురికీ చేతిపని ఉంది. ముగ్గురి పనీ వేరు.

ఎరుకల వారిలో శాఖల పేర్లే పనిని చెబుతాయి. దబ్బ ఎరుకల వారు వెదురు చీల్చి బుట్టలు, చేటలు, గంపలు అల్లేవారు. ఈతపుల్లల ఎరుకల వారిది ఈత పని. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల వారు ఊరూరా తిరిగి సరుకు అమ్మేవారు. పరికముగ్గుల వారు సోది చెప్పేవారు. కుంచెపురి ఎరుకల వారు నేతగాళ్లకు కుంచెలు కట్టేవారు. పడుగుకు గంజి పట్టించి కుంచెతో దువ్వకపోతే నూలు పోగులు లేచి మగ్గం మీద తెగిపోతాయి. చేనేత గురించి రాసే పుస్తకాల్లో చీర నేసినవారి పేరు ఉంటుంది. కుంచె కట్టినవారి పేరు అరుదు.

బుట్ట అల్లడం చూసేవారికి సులువు. పచ్చి వెదురు కావాలి. ఎండితే చీల్చేటప్పుడు పెళుసుగా విరుగుతుంది. కణుపు దగ్గర కత్తి పక్కకు జారితే దబ్బ పాడవుతుంది, వేలూ తెగుతుంది. అన్నిటికంటే ముఖ్యం లెక్క. అడ్డపుల్ల ఒక్కటే చుట్టూ తిప్పుతూ అల్లాలంటే నిలువు దబ్బలు బేసి సంఖ్యలో ఉండాలి. సరి సంఖ్యలో ఉంటే రెండో చుట్టులోనూ పుల్ల ముందు దాటిన దబ్బనే దాటుతుంది, అల్లిక పట్టదు. బడి ముఖం చూడని మన అవ్వలకు ఈ గణితం చేతుల్లోనే ఉండేది. అడుగు గట్టిపడి, దబ్బలు పైకి లేచి, బుట్ట తనంతట తాను నిలబడే ఘడియ ఒకటి ఉంటుంది. అక్కడిదాకా పడ్డ విసుగంతా అక్కడ మరిచిపోతారు.

సుగాలీలది సూది పని. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసే లదేణి వర్తకంలో ఊళ్లు దాటుతూ బతికిన జనం వాళ్లు. 1871 నాటికి రేణిగుంట మీదుగా మద్రాసు, బొంబాయిలను కలిపే రైలు దారి పూర్తయింది. రైళ్లు, రోడ్లు పెరిగేకొద్దీ ఎద్దుల బిడారాలకు పని తగ్గింది. తాండాల్లో స్థిరపడినవారు కూలికీ సేద్యానికీ మళ్లారు. ఆడవాళ్ల సూది మాత్రం ఆగలేదు. ఫేటియా, కాంచళి, తలమీది టుక్రి, వాటి మీద అద్దాలు, గవ్వలు, పూసలు. వీటిని బజారు కోసం కుట్టలేదు. తమ ఒంటి కోసం, కూతురి పెళ్లి కోసం కుట్టారు.

ఈ కుట్టులో చాలా భాగం గుడ్డ పోగులు లెక్కపెట్టి వేసేది. ఒక్క పోగు తప్పినా ఆ వరసలో తెలియదు. నాలుగు వరసలు దాటాక మూల కలవనప్పుడు తెలుస్తుంది. అప్పుడు దారం విప్పాలి. విప్పిన దారం నలిగిపోతుంది, మళ్లీ సూదిలోకి ఎక్కనంటుంది. పగలంతా కూలికి పోయి వచ్చిన మనిషి రాత్రి దీపం దగ్గర ఈ లెక్క పెట్టుకుంటూ కూర్చునేది. అందుకే ఒక పెళ్లి బట్టకు నెలలు పట్టేది, కొన్నిసార్లు సంవత్సరాలు. ఎవరూ తొందర పెట్టేవారు కాదు. అలసిన రోజు పక్కన పెట్టవచ్చు, మనసైన రోజు రెండు వరసలు ఎక్కువ వేయవచ్చు. ఆ మాట గుర్తుపెట్టుకుందాం, మళ్లీ అవసరం వస్తుంది.

యానాదుల చెయ్యి నీళ్లలోనూ అడవిలోనూ ఉంది. పులికాట్ సరస్సు దగ్గర, వాగుల దగ్గర వలలు అల్లడం, వెదురు పుల్లలతో చేపల బుట్టలు కట్టడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన పని. వల కన్నులన్నీ ఒకే కొలతలో రావాలి. ఒక ముడి వదులైతే చేప అక్కడినుంచే పోతుంది. వల పని పూర్తయిందనేది ఉండదు. తెగిన కన్ను మళ్లీ కట్టుకోవాల్సిందే.

శ్రీహరికోట యానాదులకు ఇంకొక పని ఉండేది, చిరివేరు తవ్వడం. 1835లో ఆ దీవి కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చింది. అడవి సరుకుతో పాటు ఎరుపు రంగునిచ్చే ఈ వేరును సేకరించింది యానాదులే. కలంకారీ వంటి అద్దకపు పనిలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. తర్వాత వేరు వేసి కాగబెట్టిన నీళ్లలో ఉడికిస్తే పటిక ఉన్నచోటే రంగు పట్టుకుంటుంది. వేరు తవ్వినవారి పేరు మాత్రం గుడ్డ మీద ఉండదు. 1868లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు అదే ఎరుపునిచ్చే అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. మరుసటి ఏడాది దాన్ని వ్యాపారానికి తయారు చేసే దారీ దొరికింది. అది బజారుకు వచ్చాక వేరుకు గిరాకీ పడిపోయింది. ఎక్కడో జర్మనీలో జరిగిన పని శ్రీహరికోట గుడిసెను తాకింది.

పని పోవడం ఒక దెబ్బ. అంతకంటే పెద్ద దెబ్బ చట్టం నుంచి వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవుల్లో వెదురు కొట్టడానికి అనుమతి కావలసి వచ్చింది. తరతరాలుగా తెచ్చుకున్న వెదురు నేరమైపోయింది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. నేరస్థ తెగల చట్టాన్ని మద్రాసు రాజధానికి వర్తింపజేసిందీ ఆ సంవత్సరమే. ఆ చట్టం కింద ఒక తెగను ప్రకటిస్తే అందులోనివారి పేర్లు రాసుకోవచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు, ఇల్లు మారితే చెప్పాలనవచ్చు, ఇన్ని రోజులకొకసారి వచ్చి హాజరు వేయించుకోమనవచ్చు. బుట్టలు, ఉప్పు, కరివేపాకు తిరిగి అమ్ముకునేవారికి తిరగడమే నేరమైతే బతుకెక్కడ?

తర్వాత సెటిల్మెంట్లు వచ్చాయి. బాపట్ల దగ్గర స్టూవర్ట్‌పురం సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా 1910లలో మొదలైంది. నెల్లూరు జిల్లా కప్పరాళ్లతిప్పలో యానాదులను పెట్టారు. సేద్యం, ఫ్యాక్టరీ కూలి, నేత లాంటి పనులు పెట్టి మనుషులను బాగుచేస్తామన్నారు. ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. చేతిపని మన వాళ్లకు కొత్త కాదు. కానీ ఇంటి ముందు తన ఇష్టంతో అల్లిన చెయ్యి, హాజరు పలికి పనిలోకి దిగిన చెయ్యి ఒకటి కావు. రెండో చోట విసుగు ఉంటుంది, మురిపెం ఉండదు. తప్పు కుట్టు పడితే విప్పి మళ్లీ కుట్టుకునే స్వేచ్ఛ అక్కడ లేదు.

1921 సెప్టెంబరులో మదురైలో అంగవస్త్రాలు వదిలి కొల్లాయి కట్టిన గాంధీ, ఆ నెల చివరి వారంలోనే తిరుపతి వచ్చారు. ప్రతి ఒక్కరూ తమ నూలు తామే వడకాలని ఆయన దేశానికి చెబుతున్న రోజులవి. రాట్నం పట్టినవారికి దారం తెగి తెగి విసుగొచ్చినా అది సొంత ఇష్టంతో పడ్డ విసుగు కాబట్టి గౌరవంగా ఉండేది. అవే రోజుల్లో మన వాళ్లలో చాలామంది పోలీసు హాజరు మధ్య పని చేస్తున్నారు. దేశానికి చేతిపని స్వేచ్ఛకు గుర్తు అయింది. మనకు అదే చేతిపని శిక్షలో భాగం అయింది. చరిత్ర పాఠాల్లో మొదటి మాట ఉంది, రెండోది కూడా ఉండాలి.

ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. యానాదుల కోసం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య లాంటివారి పోరాటానికి అందులో పాలుంది. చట్టం పోయినా చేతులకు పాత పని తిరిగి రాలేదు. నైలాన్ వల వచ్చింది, ప్లాస్టిక్ బుట్ట వచ్చింది. మదనపల్లె టమోటా మార్కెట్టులో నేడు కనబడేవి ప్లాస్టిక్ క్రేట్లే. రోజంతా కూర్చుని అల్లిన గంపకు కూలి కూడా గిట్టనప్పుడు, ఆ పని వదిలి చదువుకు, ఉద్యోగానికి పోయిన పిల్లలను తప్పు పట్టలేం. కులవృత్తి అని చెప్పి వాళ్లను మళ్లీ దానికి కట్టివేయడం కూడా ఒక రకం సెటిల్మెంటే.

మరి ఏం మిగుల్చుకోవాలి? పక్క రాష్ట్రంలోని సండూరు లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో హంపిలో జరిగిన జీ-20 సమావేశాల సందర్భంగా 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు కుట్టిన 1755 వస్తువులతో గిన్నిస్ రికార్డు నెలకొల్పారు. సంతోషమే. కానీ రికార్డు కోసమూ అమ్మకం కోసమూ కాక, తన కోసం తాను చేసుకునే పని ఒకటి ఉంది. మనం పోగొట్టుకున్నది దాన్ని. తిరిగి తెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేనిదీ అదే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. బేసి సంఖ్య పాఠం చెప్పేటప్పుడు ఏడు దబ్బలు, ఎనిమిది దబ్బలు పెట్టి రెండు చిన్న బుట్టలు మొదలుపెట్టించండి. ఏది నిలబడుతుందో పిల్లలే చెబుతారు. యువతకు ఇంకొక మనవి. మీ అవ్వ దగ్గర కూర్చుని ఒక్క కుట్టు, ఒక్క ముడి నేర్చుకోండి. దాని పేరు కుర్రు భాషలోనో గోర్ బోలిలోనో ఎలా ఉంటే అలాగే రాసిపెట్టుకోండి. మొదటిసారి చెడుతుంది, దారం చిక్కు పడుతుంది, విసిరికొట్టాలనిపిస్తుంది. పక్కన పెట్టి రేపు మళ్లీ పట్టుకోండి. రేపటిదాకా పక్కన పెట్టే ఆ హక్కు ఒకప్పుడు మన పెద్దలకు లేకుండా చేశారు.