ఎవరి చేతిపని విద్య అయింది?

వృత్తివిద్య చరిత్ర రాసేవాళ్లు మామూలుగా ప్రభుత్వ కాగితాలతో మొదలుపెడతారు. 1950లో ఐటిఐల శిక్షణ పథకం, 1961లో అప్రెంటిస్ చట్టం, 1964-66లో కొఠారి కమిషన్. ఈ వరుసలో జగిత్యాల, కోరుట్ల, రాయికల్, సిరిసిల్ల ఆడవాళ్లు ఎక్కడా కనపడరు. నేర్చుకోక కాదు, వాళ్లు నేర్చుకున్నదాన్ని ఎవరూ చదువు అనలేదు.

బీడీ చేయడమే చూడండి. తునికాకును ముందుగా తడిపి గుడ్డలో చుట్టిపెట్టాలి. ఆకు మెత్తబడాలి గానీ పాడవకూడదు. రేకు కొలత పెట్టి కత్తెరతో కత్తిరించాలి. ఈనె ఎటు పోతోందో చూసుకోకపోతే చుట్టేటప్పుడు చిరుగుతుంది. ఒళ్లో చాట పెట్టుకుని, అందాజుగా తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. ఇచ్చిన ఆకులో లెక్క తగ్గితే తన డబ్బుతో ఆకు కొని పూడ్చాలి. కొలత, వేగం, నాణ్యత, ముడిసరుకు పొదుపు అన్నీ ఇందులో ఉన్నాయి. తల్లి పక్కన కూర్చుని ఆడపిల్లలు చిన్నప్పుడే నేర్చుకున్నారు. పెళ్లిచూపుల్లో "బీడీలు చేస్తదా?" అని అడిగేంతగా ఈ నైపుణ్యానికి విలువ ఉంది, కూలి దగ్గర తప్ప! (ఇదేదో గొప్ప గురుకులమని నేననడం లేదు. బడి మానేసిన పిల్లలు, తంబాకు ధూళి, వంగిపోయిన నడుములు కూడా ఇందులోవే.)

సిరిసిల్ల మగవాళ్లకూ సర్టిఫికెట్లు లేవు. నేతపని కుటుంబాల నుంచి భివండి, షోలాపూర్, బొంబాయి వెళ్లి అక్కడ మరమగ్గం నేర్చుకున్నారు. కొందరు తిరిగొచ్చి ఊళ్లో సాంచాలు పెట్టారు. కార్మికుడు నాలుగు సాంచాలు సంపాదిస్తే ఆసామి అవుతాడు, ఆసామి నూలు తానే కొనగలిగితే యజమాని అవుతాడు. ఆ నిచ్చెన ఎంత బలహీనమైనదో 1990ల నుంచి జరిగిన ఆత్మహత్యలే చెప్పాయి. అయినా నిచ్చెన అంటూ ఒకటుంది.

అదే ఊళ్లో ఆడవాళ్లు కండెలు చుట్టారు. కండె లేకపోతే సాంచా నడవదు. మరి కండెలు చుట్టే ఆమె ఆసామి ఎందుకు కాలేదు? పని తెలియకనా? అప్పు పుట్టేది మగవాడి పేరు మీద. నూలు బేరం, బట్ట అమ్మకం అతని చేతిలో. భివండి వెళ్లి యంత్రం నేర్చుకునే దారి అతనిదే. బీడీల్లో ఇది ఇంకా స్పష్టం. ఆకు, తంబాకు, మార్కా అన్నీ కంపెనీవి. ఆమె సొంతం చాట, కత్తెర. టేకేదార్లు, ప్యాకర్లు ఎక్కువగా మగవాళ్లే.

1962లో ఏర్పడ్డ హంసా మెహతా కమిటీ ఆడపిల్లలకొక చదువు, మగపిల్లలకొక చదువు అనే తేడా తగదని చెప్పింది. 1986 జాతీయ విద్యా విధానం కూడా వృత్తి కోర్సుల్లో ఆడ, మగ మూసలు పోవాలంది. ఇంటర్ స్థాయిలో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం మందిని వృత్తి కోర్సుల్లోకి తేవాలనుకుంది. ఆ లక్ష్యాలు నెరవేరలేదు. ఆడవాళ్ల స్వయం ఉపాధి అనగానే కుట్టుమిషనే గుర్తొచ్చే అలవాటూ పోలేదు.

చట్టం మాత్రం కాస్త ముందు నడిచింది. 1966 బీడీ కార్మిక చట్టం ఇంట్లో కూర్చుని చేసే ఆమెను కూడా కార్మికురాలిగా గుర్తించింది. 1974లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 1976 నాటి సంక్షేమ నిధి నుంచి బీడీ కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్పులు వచ్చాయి. పిల్లలు కాలేజీలకు, ఐటిఐలకు వెళ్లారు. వాళ్ల ఫీజుల్లో కొంత తల్లి చుట్టిన బీడీల మీద వేసిన పన్ను నుంచి వచ్చింది. ఆ పన్ను జీఎస్టీతో 2017లో పోయింది.

2017లోనే బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్లకు వచ్చింది. సాంచాలు ఆడాయి, కండెలు చుట్టేవాళ్లకూ పని దొరికింది. ఆ పథకమూ ఆగింది. ఇటీవలి ఏళ్లలో పక్కనున్న పెద్దూరు అప్పారెల్ పార్కులో దుస్తుల ఫ్యాక్టరీలు వచ్చాయి, ఆడవాళ్లు కుట్టుమిషన్ల ముందు కూర్చున్నారు. ఇంటి గడప దాటిన పని, నెల జీతం. ఇది చిన్న మార్పు కాదు. డిజైను, బట్ట, కొనేవాడు మాత్రం బయటినుంచే వస్తారు, తునికాకు, తంబాకు వచ్చినట్టే.