మూడడుగుల యార్డు, మిర్చి యార్డు

మొన్న మార్చి నెలలో మా పెద్దమ్మ ప్రత్తిపాడు దగ్గర పల్లె నుంచి గుంటూరు వచ్చింది. ఎండన పడి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చెంబెడు నీళ్ళు తాగి, "యార్డుకు పోయొస్తున్నానే అమ్మాయ్" అంది. పక్కనే లెక్కలు చేసుకుంటున్న మా అమ్మాయి తలెత్తి, "యార్డంటే మూడడుగులేగా అమ్మమ్మా! మూడడుగుల్లో నువ్వెట్లా పట్టావు?" అంది. మా పెద్దమ్మ ఊరుకునే మనిషా? "వామనుడు మూడడుగుల్లో ముల్లోకాలూ పట్టించాడే పిల్లా! నేనెంత, నా నలభై టిక్కీల కాయలెంత?" అంది.

నవ్వుకున్నాం గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని, రోజుకు పదిసార్లు ఆ మాట వింటూనే ఉంటాను. మిర్చి యార్డు, రైలు యార్డు, చీర ఎన్ని యార్డులు? ఇన్నింటికీ ఒకటే మాట ఎట్లా వచ్చిందని ఎన్నడైనా ఆలోచించామా? నా చదువు పదో తరగతితోనే ఆగింది. అయినా పట్టుదల కొద్దీ మా అమ్మాయి పెద్ద నిఘంటువు ముందేసుకు కూర్చున్నాను.

తీరా చూస్తే, అది ఒక మాట కాదండీ, రెండు! పూర్వపు ఇంగ్లీషులో కర్రకు ఒక మాట ఉండేది, కంచె వేసిన ఆవరణకు మరో మాట ఉండేది. వేరే వేరే ఇళ్ళలో పుట్టిన ఆ రెండూ వాడుకలో అరిగి అరిగి, చివరికి ఒకే రూపానికి వచ్చాయి. బట్ట కొలిచే యార్డు కర్ర సంతానం. ఓడ మీద తెరచాప కట్టే అడ్డకర్రను కూడా యార్డు అనే అంటారు, అదీ ఈ ఇంటిదే. మొదటి హెన్రీ అనే ఇంగ్లండు రాజు ముక్కు కొస నుంచి చాచిన చేతి బొటనవేలి దాకా ఒక యార్డు అని నిర్ణయించారని ఒక కథ కూడా ఉంది. నిజమైనా కాకపోయినా, కథ అంటే అదీ!

మార్కెట్ యార్డు, రైలు యార్డు కంచె సంతానం. తోటకు వాడే గార్డెను, పళ్ళతోటకు వాడే ఆర్చర్డు దీనికి దగ్గరి చుట్టాలు. విశాఖపట్నం షిప్‌యార్డూ అంతే. స్వతంత్రం వచ్చాక అక్కడ కట్టిన జలఉష అనే ఓడను 1948లో నెహ్రూగారు నీళ్ళలోకి దించారు. డిటెక్టివు నవలల్లో వచ్చే స్కాట్లండ్ యార్డు లండన్‌లో ఒక వీధి పేరు. 1829లో పోలీసు కచేరీ అక్కడ పెట్టడంతో వీధి పేరే పోలీసులకు అంటుకుంది. అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఫోనులో "యార్డు పని చేసి నడుం పడిపోయిందే" అంటే, వాళ్ళ పెరట్లో గడ్డి కోసిందన్నమాట. మా పెద్దమ్మ అది విని, "అక్కడ రేటెట్లా ఉందంట?" అని అడిగింది!

ఇంగ్లీషువాళ్ళను చూసి మనం నవ్వక్కర్లేదు. మన గజం మాత్రం తక్కువ తిన్నదా? గజమంటే ఏనుగు, అది సంస్కృతం. గజమంటే మూడడుగులు, అది పారశీకుల 'గజ్' నుంచి వచ్చింది. ఏనుగుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. మన సొంత కొలతలు జాన, మూర, బార. ఇవన్నీ మన ఒంట్లోనే ఉన్నాయి, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఆ పారశీకపు గజమైనా అన్నిచోట్లా ఒక్కటి కాదు. అక్బరు పాదుషా తన గజాన్ని నలభై ఒక్క వేళ్ళ వెడల్పని నిర్ణయించాడు. ఇంగ్లీషువాళ్ళు వచ్చి తమ ముప్ఫయ్యారు అంగుళాల యార్డును ఈ పేరు మీద కూర్చోబెట్టారు. పేరు పాతదే, కర్ర మారింది.

కర్ర మారితే ఏమవుతుందంటారా? బట్టల వ్యాపారం కోసం తెల్లవాళ్ళు మొట్టమొదట వచ్చి దిగిన రేవుల్లో ఒకటి మన నిజాంపట్నమే. వాళ్ళ నోట అది 'పెతపోలి'. 1606లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ కొట్లు పెట్టుకున్నారు. చిరివేరుతో ఎర్రరంగు అద్దిన మన నూలుగుడ్డల కోసం సముద్రాలు దాటి వచ్చారు. నేసినవాడు మన ఊరివాడు. కొలిచే కర్ర మాత్రం కొనేవాడి చేతిలో ఉండేది. అనుకున్న పొడుగూ పన్నా లేకపోతే ధర తగ్గించడమో, తాను వెనక్కి ఇచ్చేయడమో. నేతగాడి భార్య రాట్నం ముందు ఎన్ని రాత్రులు కూర్చుందో ఆ కర్రకు తెలియదు కదా!

ఇప్పటికీ నూలు నంబరులో ఆ కర్ర దాక్కునే ఉంది. మంగళగిరి చీర కొనేటప్పుడు "ఎనభయ్యో నంబరు నూలమ్మా" అంటాడే కొట్టతను, ఆ నంబరు ఏమిటని నేనూ ఎన్నడూ అడగలేదు. 840 గజాల చిలపలు ఎనభై కలిపి తూస్తే ఒక పౌను అవుతాయట. అందుకే నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. దేశంలో గజాలూ పౌన్లూ పోయి మీటర్లూ కిలోలూ వచ్చినా, మన ఒంటి మీది చీరలో మాత్రం అవి పోలేదు.

ఆ మీటర్లు వచ్చినప్పటి సంగతి మా అమ్మమ్మ చెబుతుండేది. 1956లో చట్టం చేసి, మెల్లమెల్లగా అమలులో పెట్టారు. గజానికి 36 అంగుళాలైతే మీటరుకు 39 పైచిలుకు. ఒక కొట్టువాడు మీటరు ధర చెప్పి, పాత గజకట్టెతోనే కొలిచి రవికెగుడ్డ చింపాడట. దర్జీ చేతులు పొట్టివస్తాయన్నదాకా ఆవిడకు తెలియలేదు. మర్నాడు ఆ గుడ్డ పట్టుకుని వెళ్ళి, కొట్లో నలుగురి ముందూ తన మూరతో కొలిచి చూపించి, ఆ మూడంగుళాల డబ్బులూ కక్కించింది. ఆవిడకు చదువు లేదు, మూర ఉంది!

బట్ట మీటర్లలోకి పోయింది గానీ, స్థలం పోలేదు. ఇవాళ్టికీ ఇంటి స్థలం "రెండు వందల గజాలు" అనే అంటాం. ఎకరానికి 4,840 చదరపు గజాలు, సెంటుకు 48.4. ఈ లెక్క మన జిల్లా రైతు కుటుంబాలకు 2015లో బాగా తెలిసివచ్చింది. రాజధాని కోసం అమరావతి గ్రామాల్లో భూమి ఇచ్చినవాళ్ళకు మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వ్యాపార స్థలం అని ఒప్పందం. జరీబు భూమికైతే వెయ్యీ, 450. అందులోని మంచిచెడ్డలు తీర్చేంతదాన్ని నేను కాను. ఎకరాల్లో తప్ప మాట్లాడి ఎరగని ఇళ్ళలో ఆడవాళ్ళు గజాల్లో మాట్లాడటం నేర్చుకున్నారని మాత్రం చెప్పగలను. ఇచ్చింది ఎకరంలో లెక్క, వచ్చేది గజంలో లెక్క అయినప్పుడు, రెంటినీ ఒక కొలతలోకి తెచ్చి చూసుకోవాలి గదా!

ఇక కంచె యార్డు సంగతి. మనకు ఆవరణలకేం తక్కువ! పెరడు, దొడ్డి, వాకిలి, పంట ఆరబోసే కళ్ళం. పొలాల్లో పడ్డ గొడ్లను తోలే బందెలదొడ్డి వేరే. దాన్ని ఇంగ్లీషులో పౌండు అంటారు. తూకం పౌనూ ఈ పౌండూ కూడా వేరువేరు మాటలే, యార్డులాగే కలిసిపోయాయి. 1871 నాటి చట్టం ప్రకారం జరిమానా కట్టి గొడ్డును విడిపించుకోవాలి. అంటే కంచె ఒకచోట పట్టి ఉంచేందుకు వేస్తారు, ఒకచోట కాపాడేందుకు వేస్తారు.

మార్కెట్ యార్డు కంచె కాపాడేందుకు అనే వేశారు. అంతకుముందు వ్యాపారి కళ్ళం దగ్గరికే వచ్చేవాడు. తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరం, వాడి తూకంరాళ్ళతోనే తూకం. అమ్మేవాడికి ఎంత పలికిందో పక్కవాడికి తెలియదు. 1933లో మద్రాసు రాష్ట్రంలో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. అప్పుడు మనం ఆ రాష్ట్రంలోనే ఉన్నాం. ఆంధ్రప్రదేశ్ అంతటికీ 1966లో మరో చట్టం చేశారు. ఒక హద్దు గీసి, అందులో కమిటీ, అందరికీ కనబడే కాటా, లైసెన్సున్న వ్యాపారి, కొన్నవాడి దగ్గరే సెస్సు. కంచె లోపల పదిమంది కళ్ళముందు అమ్మకం జరగాలన్నది ఉద్దేశం. పోర్చుగీసువాళ్ళు తెచ్చిన పరాయి కాయ మన నల్లరేగడిలో ఎంత బలిసిందంటే, ఆ కంచె లోపలి గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోని పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటైంది.

మా పెద్దమ్మకు ఆ యార్డు నలభై ఏళ్ళుగా తెలుసు. ఎట్లా తెలుసంటే, మా పెద్దనాన్న అక్కణ్ణించి చొక్కా నిండా ఘాటుతో తిరిగివచ్చి తుమ్మేవాడు, జేబులోంచి పట్టీ తీసి అలమరలో పెట్టేవాడు. ఆయన పోయాక మొదటి పంట ఇది. ఆవిడ మొదటిసారి ఆ గేటు దాటింది మొన్ననే. "లోపలికి పోతే అంతా మగాళ్ళేననుకున్నానే. ఒక పక్కన వరసగా ఆడాళ్ళే కూర్చుని తొడిమలు తీస్తన్నారు. ముక్కులకు గుడ్డలు కట్టుకుని, చేతులు మండిపోతంటే ఊదుకుంటా..." అని చెప్పింది.

మచ్చు కాయలు చూసి, తాలు ఎక్కువుందని రేటు తగ్గించబోయారట. ఈవిడ కాటా పక్కనుంచి కదలలేదు. ప్రతి టిక్కీ తూకమూ తన వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. చివరికి గుమాస్తా పట్టీ రాస్తూ, అలవాటు కొద్దీ మా పెద్దనాన్న పేరే రాశాడు. ఆవిడ కాగితం తిరగేసి చూసి, కొట్టేసి తన పేరు రాయమంది. "ఏ పేరైతే ఏంలేమ్మా, డబ్బులు ఇస్తన్నాంగా" అన్నాడట.

"మరి ఏమన్నావు పెద్దమ్మా?" అని అడిగాను.

"పేరు మార్చిందాకా బండి దగ్గరికి పోలేదు" అని, కొంగు ముడి విప్పి ఆ పట్టీ మా అమ్మాయి చేతిలో పెట్టింది. "చదువే పిల్లా, నా పేరు సరిగ్గా రాశాడో లేదో చూడు."