మగ్గము నేర్పిన గణితము
చీరాల నేత నుండి కంప్యూటరు వరకు

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేల పత్తికిని, మిరపకును పేరుపొందినది. ఆ నేల సముద్రమును సమీపించుచోట చీరాల పట్టణము కలదు. ఈ పట్టణము 1970 వరకు గుంటూరు జిల్లాలోను, పిదప ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినది. జిల్లాలు మారినను నేత వలన ఆ ఊరికి వచ్చిన పేరు మారలేదు.

నేటి యువకులలో వేలమంది ఈ జిల్లాల నుండి ఇంజనీరింగు చదివి, హైదరాబాదు, బెంగుళూరు నగరములలోను, అమెరికాలోను సాఫ్టువేరు పని చేయుచున్నారు. పత్తి పండించిన తాతకును, కంప్యూటరుకు ఆదేశములు వ్రాయు మనుమనికిని సంబంధమేమున్నదని తోచవచ్చును. శాస్త్ర చరిత్రను పరిశీలించినచో ఆ రెండు పనుల నడుమ మగ్గము నిలిచి ఉన్నట్లు తెలియును. అంతేకాదు, ఆ మనుమని నేడు వేధించు ప్రశ్న, అనగా యంత్రమే తన పని చేయగలిగినపుడు తనకు మిగులునదేమి అను ప్రశ్న, మొదట పుట్టినది నేతగాని ఇంటనే.

నూలులో దాగిన చిత్రము

పూర్వము చీరాలలో తేలియా రుమాలు అను చదరపు వస్త్రమును నేయుచుండిరి. ఎరుపు, నలుపు, తెలుపు రంగులలో ఉండు ఈ రుమాళ్లు అరబ్బు దేశములకును, తూర్పు ఆఫ్రికాకును ఎగుమతి అగుచుండెను. నూలును నూనెతోను, ఆముదపు కాయల బూడిద నుండి తీసిన క్షారజలముతోను అనేక దినములు మర్దించి, ఎండబెట్టుదురు. క్షారము నూనెను నీటిలో సన్నని బిందువులుగా విడదీయగా, అది పోగులోనికి చొచ్చుకొనిపోవును. అట్టి నూలునకు పటికను పట్టించి రంగు వేసినచో, పటికలోని అల్యూమినియము ఎర్ర రంగుతో కలిసి, ఉతికినను పోని సమ్మేళనముగా మారును. ‘తేలియా’ అను పేరు ఈ నూనె వలననే వచ్చినది.

ఈ నేతలోని విశేషము రంగు మాత్రమే కాదు. సాధారణముగా బట్ట నేసిన పిదప దానిపై అద్దకము వేయుదురు. ఇచటనో, నేయకముందే పోగులకు రంగు వేయుదురు. పోగులను సాగదీసి కట్టి, రంగు అంటరాని చోట్ల దారముతో బిగించి ముడి వేయుదురు. దీనికే చిటికి కట్టుట అని పేరు. ఒక రంగు ముంచిన పిదప కొన్ని ముడులు విప్పి, మరికొన్ని కట్టి, రెండవ రంగు ముంచెదరు. అప్పటికి బట్ట లేదు, చిత్రమును లేదు. ఉన్నవెల్ల అచటచట మచ్చలు పడినట్లు కనిపించు పోగులు మాత్రమే. పడుగును మగ్గమున కెక్కించి, పేకను ఒక్కొక్క వరుసగా త్రోసినపుడు ఆ మచ్చలు ఒకదాని ప్రక్క నొకటి చేరి చిత్రమగును.

తేలియా రుమాలులో పడుగు, పేక రెండును ఇట్లే కట్టబడును. కావున పడుగులోని ఎర్ర మచ్చ మీదికి పేకలోని ఎర్ర మచ్చ సరిగా వచ్చి కూర్చుండవలెను. ఒక పోగుపై ముడి రెండు నూళ్లు జరిగినను లోపము కంటికి కనిపించును. అందుచేత చిత్రమును గళ్లుగా విభజించి, ఏ గడికి ఏ పోగు, ఏ పోగుపై ఎన్నవ చోట ముడి అని ముందుగా లెక్కవేయక తప్పదు. చిత్రము కుడి ఎడమల సమానముగా ఉన్నచో నూలును మడిచి ఒక్క ముడితో రెండు పనులు సాధింతురు. ఈ సౌష్ఠవ సూత్రమును చీరాల నేతగాడు పుస్తకములో చదువలేదు. పొదుపు కొరకు చేతితోనే కనుగొనెను.

చిల్లుల అట్ట

నేతలోని ఈ లెక్కను అంకెలలో సులభముగా చూపవచ్చును. నాలుగు పడుగు పోగులున్నవనుకొందము. నాడె పోవునపుడు పైకి లేచిన పోగును 1 అనియు, క్రింద నున్న పోగును 0 అనియు వ్రాసినచో, సాదా నేతకు 1010, 0101 అను రెండు వరుసలే చాలును. ఏటవాలు గీతలు వచ్చు నేతకు 1100, 0110, 0011, 1001 అను నాలుగు వరుసలు కావలెను. ఎంత క్లిష్టమైన పువ్వైనను ఇట్టి వరుసల పట్టికయే.

ఫ్రాన్సు దేశమునందలి లియాన్ నగరములో పట్టుబట్టపై పువ్వులు నేయునపుడు, ఏ పోగులు లేవవలెనో ఆ త్రాళ్లను లాగుటకు మగ్గము వద్ద ఒక సహాయకుడు ఉండవలసి వచ్చెడిది. 1725లో బసీల్ బుషోన్ అనునతడు చిల్లులు పొడిచిన కాగితముతో ఆ పనిని యంత్రమునకు అప్పగింప యత్నించెను. ఆ మార్గమును మెరుగుపరచి 1804లో జోసెఫ్ మరీ జక్వార్డు తన మగ్గమును రూపొందించెను. ఇందు పేక వరుస ఒక్కింటికి ఒక అట్ట చొప్పున ఉండును. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరిపోయి, దాని కొక్కెము పోగును పైకెత్తును. చిల్లు లేనిచోట పోగు క్రిందనే నిలుచును. అట్టల దండను మార్చినచో మగ్గమును మార్చకయే చిత్రము మారును. నేతగాని తలలోని క్రమము ఇట్లు అట్టమీదికి దిగెను.

ఈ అట్టలనే చూచి ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజి 1830ల నాటికి తన విశ్లేషక యంత్రమునకు ఆదేశములను చిల్లుల అట్టల ద్వారా ఇవ్వ సంకల్పించెను. ఆ యంత్రము పూర్తి కాలేదు. కాని దానిపై అడా లవ్‌లేస్ 1843లో విపులమైన వ్యాఖ్యలు ప్రకటించి, అది బెర్నూలీ సంఖ్యలను గణించుటకు అనుసరింపవలసిన క్రమమును వ్రాసెను. చరిత్రకారులలో పలువురు దానిని మొదటి కంప్యూటరు ప్రోగ్రాముగా పరిగణింతురు. ఆమె ఆ యంత్రమును జక్వార్డు మగ్గముతో పోల్చినది. యంత్రము తానై దేనిని కల్పింపజాలదనియు, ఆదేశించుట మానవునికి తెలిసినదానినే చేయగలదనియు హెచ్చరించినది.

1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ చిల్లుల అట్టలనే వాడి, ఆరు కోట్లకు పైబడిన జనుల వివరములను యంత్రముతో లెక్కించెను. అతడు స్థాపించిన సంస్థ ఇతర సంస్థలతో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అను పేరు తాల్చినది. ఆ తరువాత కంప్యూటరు ప్రోగ్రాములును దశాబ్దముల తరబడి అట్టలపైన పొడువబడినవి.

కవి, కుమార్తె, కార్మికులు

అడా తండ్రి ప్రసిద్ధ కవి బైరన్. ఆమె జన్మించుటకు మూడేండ్లకు ముందు, 1812లో, అతడు బ్రిటిషు ప్రభువుల సభలో మొదటిసారి ప్రసంగించెను. నాటింగ్‌హాము ప్రాంతపు మేజోళ్ల నేతగాండ్రు కొత్త యంత్రములు తమ కూలిని పడగొట్టినవని వానిని పగులగొట్టుచుండగా, ప్రభుత్వము ఆ నేరమునకు మరణదండన విధించు చట్టము తెచ్చినది. బైరన్ ఆ చట్టమును ఎదిరించి, కార్మికుల పక్షమున మాట్లాడెను. తండ్రి మగ్గపు కార్మికుని కష్టమును చూచెను, కుమార్తె మగ్గపు అట్టలోని శక్తిని చూచెను. రెండును నిజములే.

లియాన్‌లో 1831లో పట్టు నేతగాండ్రు తిరుగబడిరి. వారి ముఖ్యమైన కోరిక యంత్రములను తీసివేయవలెనని కాదు, నేతకు కనీసపు ధర నిర్ణయింపవలెనని. నేర్పు మిగిలినంత మాత్రమున కడుపు నిండదు. పనికి తగిన వెలయు కావలెను. చీరాలలో తేలియా నేత క్షీణించి, నేటి తెలంగాణములోని పుట్టపాక గ్రామమున నిలిచి ఉండుట చూచినను, విద్య ఎంత గొప్పదైనను అది జీవనమునిచ్చు చోటనే బ్రతుకునని తెలియును.

కారణము తెలియని ఆదేశము

పనిముట్టు వెనుకనున్న కారణము తెలియకుండ ఆదేశమును మాత్రమే అనుసరించినచో ఏమగునో ఈ నల్లరేగడి నేలయే చూపినది. 1980ల ఆరంభమున గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి పొలములలోనికి సింథటిక్ పైరెథ్రాయిడ్లు అను కొత్త పురుగుమందులు వచ్చెను. మొదట అవి అద్భుతముగా పనిచేసినవి. అందుచేత రైతు పురుగును లెక్కించుట మాని, సీసాను లెక్కించుట మొదలిడెను. ఎంత మందు, ఎన్నిసార్లు అను విషయము దుకాణదారుని మాటపై నడచినది.

పొలములో మాత్రము ప్రకృతి నియమము తన పని చేయుచుండెను. మందుకు చావక మిగిలిన కొలది శనగపచ్చ పురుగుల సంతతియే పెరిగినది. పురుగులను తిను మిత్రకీటకములు నశించినవి. తెల్లదోమ విజృంభించినది. 1987-88 సంవత్సరమున మందు ఎంత కొట్టినను పచ్చపురుగు చావలేదు. అది మందును తట్టుకొను శక్తి పొందినట్లు పరీక్షలలో రుజువైనది. పంట పోయి, అప్పులు మిగిలి, ఈ జిల్లాలలో పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. అప్పు, ధర, వాతావరణము ఇందు పాలు పంచుకొన్నవి. అయినను పొలమును చూచి నిర్ణయించు పని రైతు చేతినుండి జారిపోవుట ఒక ముఖ్యకారణము.

దీనికి విరుగుడుగా వచ్చినదియు విద్యయే. ఇండొనీషియాలో 1989లో వరి రైతులకై ప్రారంభమైన ఒక పద్ధతిలో, రైతులు వారమునకొకసారి పొలములో కూడి, మొక్కలపై శత్రుకీటకములను, మిత్రకీటకములను లెక్కించి, చిత్రము గీసి, చర్చించి, మందు అవసరమా కాదా అని తామే తేల్చుకొందురు. ఈ పద్ధతి ఆంధ్రదేశములో పొలంబడి అను చక్కని పేరుతో వ్యాపించినది. పొలంబడిలో ముందుగా అడుగు ప్రశ్న ఏ మందు అని కాదు, ఏమి జరుగుచున్నది అని.

శ్రమను తీసికొన్న యంత్రము

యంత్రము ఎల్లప్పుడును నేర్పును హరించుననుట సరికాదు. చిటికి నేతలో పేక పోగును ముందుగా ఆసు అను చట్రముపై పోయవలెను. అర్ధచంద్రాకారముగా ఉన్న మేకులకును, ఎదుటనున్న ఒక మేకునకును నడుమ చేయి అటునిటు తిరుగుచుండవలెను. ఒక చీరకు సుమారు 9,000 సార్లు, దినమునకు రెండు చీరలకు 18,000 సార్లు. ఈ పని అధికముగా ఇంటి స్త్రీలదే. నల్లగొండ ప్రాంతపు శారాజీపేట గ్రామమున చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి భుజముల నొప్పిని చూచి, ఈ కదలికను యంత్రముతో చేయింప సంకల్పించెను. అతడు పాఠశాల చదువును నడుమనే మానినవాడు. ఏండ్ల తరబడి ఒక్కొక్క భాగము చేసి చూచి, తుది చిక్కు వద్ద ఆగిపోయి, హైదరాబాదు బాలానగరులో కూలిపని చేయుచుండగా ఒక యంత్రపు కదలికలో దాని పరిష్కారమును గుర్తించెను. 1999లో యంత్రము పూర్తియైనది. దానికి తల్లి పేర లక్ష్మీ ఆసు యంత్రము అని పేరిడెను. అయిదారు గంటల పని గంటన్నరకు తగ్గినది. తరువాతి నమూనాలలో మైక్రోకంట్రోలరును అమర్చుటకు ఎలక్ట్రానిక్సును తానే అభ్యసించెను. 2017లో అతనికి పద్మశ్రీ పురస్కారము లభించెను.

ఈ యంత్రము చేయి తిప్పు శ్రమను తీసికొన్నది. చిత్రము గీయుట, రంగులు నిర్ణయించుట, ముడి ఎచట వేయవలెనో తెలియుట నేతగాని చేతనే విడిచినది. పనిముట్టు మంచిచెడ్డలు తూచుటకు ఇది ఉపయోగపడు త్రాసు: అది శ్రమను తీసికొన్నదా, లేక నిర్ణయమును తీసికొన్నదా?

నేటి విద్యార్థికి

తెలుగువారు కంప్యూటరు శాస్త్రమున ఉన్నతస్థానము పొందిరి. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించిన రాజ్ రెడ్డి, యంత్రములకు మానవుని మాటను గ్రహించు శక్తి కల్పించుటలో కృషిచేసి, 1994లో ట్యూరింగు పురస్కారము పొందెను. గ్రామీణ బాలబాలికలకై 2008లో స్థాపితమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు అతడు కులపతిగా ఉండెను. పదవ తరగతి ముగిసిన పల్లె విద్యార్థులను చేర్చుకొను ఈ సంస్థకు ఒంగోలు శాఖయు కలదు.

2022 తరువాత మానవుని మాటలలో అడిగినంతనే ప్రోగ్రాములు వ్రాసియిచ్చు యంత్రములు వ్యాప్తిలోనికి వచ్చినవి. ఒకని ప్రోగ్రామును చూచి మరియొకటి వ్రాయుటయే తెలిసినవాని పని ఇందుచే తేలికగా యంత్రమునకు పోవును. అతడు అట్టను పొడుచువాని వంటివాడు. ఏమి కావలెనో నిర్ణయించి, వచ్చినది సరియో కాదో పరీక్షించి, తప్పైనచో కారణము కనుగొనువాడు గళ్లలో చిత్రము గీయువాని వంటివాడు. అతని పనియు మారును గాని, యంత్రమిచ్చినదానిని తూచుటకు అతడు కావలసియే ఉండును. ఆ తూచు శక్తియో చేతితో చేయనిదే రాదు. పది ముడులు తప్పుగా కట్టి విప్పినవానికే పదకొండవ ముడి తెలియును.

ఉపాధ్యాయులు ఈ పాఠమును కంప్యూటరు లేకయే చెప్పవచ్చును. గళ్ల కాగితముపై ఎనిమిది వరుసలు, ఎనిమిది నిలువులు గీయించి, ఒక విద్యార్థిచే అందులో చిత్రము వేయింపవలెను. అతడు దానిని చూపక, 1, 0 అంకెలుగా వరుస తరువాత వరుస చదువగా, రెండవ విద్యార్థి తన కాగితముపై గళ్లు నింపవలెను. రెండు చిత్రములును సరిపోలనిచో, తప్పు చదివినవానిదా, నింపినవానిదా అని ఇరువురును కలిసి వెదకవలెను. సాఫ్టువేరు పనిలో అధికకాలము గడచునది ఆ వెదకులాటలోనే. చీరాల మగ్గము వద్ద కూర్చుండి, పడుగు మచ్చపైకి పేక మచ్చను వ్రేలితో జరిపి సరిచూచుకొన్న నేతగాడు చేసినదియు అదియే.