బ్యాటరీకి ఎండదెబ్బ



పుష్యమాసపు ఉదయాన ట్రాక్టరు స్టార్టు కాకపోతే మనం చలిని తిట్టుకుంటాం. తప్పు చాలావరకు చలిది కాదు, గడచిన వేసవి ఎండది. యీ సంగతి బోధపడాలంటే తొలినాటి మోటారు కార్ల కథ కాస్త చెప్పుకోవాలి.

సీసపు పలకల బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు. చాలాకాలం కార్లను ముందు నిలబడి హ్యాండిలు తిప్పి స్టార్టు చేసేవారు. 1912 కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన స్టార్టరు అమర్చాక ఆ బాధ తప్పింది. బరువంతా బ్యాటరీ మీద పడింది. తర్వాత చాలా ఏళ్లు ఎక్కువ కార్లకు 6 వోల్టుల బ్యాటరీయే వుండేది. అందులో మూడు గదులు. నిండుగా చార్జి అయితే గదికి సుమారు 2.1 వోల్టులు.

వూరికే వున్న బ్యాటరీ వోల్టేజి ఎండకూ చలికీ పెద్దగా మారదు. తేడా తెలిసేది పని చెప్పినప్పుడే. చలిలో లోపలి రసాయన క్రియ మందగిస్తుంది. స్టార్టరు నొక్కగానే వోల్టేజి దిగజారుతుంది. సున్నకు 18 డిగ్రీలు దిగువన బ్యాటరీ సగం శక్తయినా యివ్వలేదు. పైగా ఇంజను నూనె చిక్కబడుతుంది.

ఎండలో కథ తిరగబడుతుంది. వేడెక్కిన బ్యాటరీ తక్కువ వోల్టేజికే ఎక్కువ కరెంటు తాగేస్తుంది. ఆనాటి చాలా కార్ల డైనమోకు మూడో బ్రష్షు వుండేది. దాన్ని అటూయిటూ జరిపి చలికాలానికి ఎక్కువ, వేసవికి తక్కువ చార్జి వచ్చేలా సరిచేసేవారు. బ్యాటరీ నిండినా ఆ డైనమో ఆగేది కాదు. అంచేత దూరప్రయాణాల్లో పట్టపగలే హెడ్‌లైట్లు వెలిగించి మిగులు కరెంటు ఖర్చుపెట్టేవారు! చోద్యంగా వున్నా అది తెలివైన పనే. 1930లలో వోల్టేజి రెగ్యులేటరు వాడుకకు వచ్చింది. వేడి పెరిగితే చార్జింగు వోల్టేజిని తనంతట తానే తగ్గించే ఏర్పాటు కొన్నింటిలో వుండేది. వేడి దేశాలకు యాసిడ్‌ను కూడా పలచన చేశారు: చలిచోట్ల సాంద్రత 1.280 అయితే, వేడిచోట్ల 1.240 దాపున.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నీళ్లు గడ్డకట్టే చలి లేదు. మన భయమంతా రోహిణి కార్తెతోనే. వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. లోపల నీరు తగ్గుతుంది, పలకలు తేలి పాడవుతాయి. అయినా వేసవిలో బండి స్టార్టవుతూనే వుంటుంది గనక మనకు తెలియదు. చలి వచ్చి ఆ గుట్టు బయటపెడుతుంది.

అంచేత ట్రాక్టరును నీడన నిలపండి. మూతలు తీసే రకం బ్యాటరీ అయితే వేసవిలో తరచు చూసి, పలకలు మునిగేలా డిస్టిల్డు వాటరే పోయండి. నూతినీరు వద్దు, అందులో లవణాలుంటాయి. యాసిడ్ కూడా పోయవద్దు. మూత తీసేటప్పుడు దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వెలిగించకండి. అంటుకునే వాయువు వస్తుంది. నీరు పదేపదే తగ్గిపోతూంటే రెగ్యులేటరును పరీక్ష చేయించండి.

వేసవిలో బ్యాటరీని కనిపెట్టుకుంటే చలికాలంలో కొత్తది కొనే ఖర్చు తప్పుతుంది.