రవెన్నాలోని రెండు బాప్తిస్మ మందిరాలు

మా చరిత్ర అయ్యవారు ఒకరోజు తరగతికి ఒక ఫొటో తెచ్చారు. అందులో ఎర్ర ఇటుకల చిన్న కట్టడం ఒకటి ఉంది. దానికి ఎనిమిది మూలలు. కొంత భాగం నేలలోకి దిగిపోయినట్టు ఉంది. "ఇదేమిటో చెప్పండిరా" అన్నారు. మా స్నేహితుడొకడు నీళ్ల తొట్టి మీద కట్టిన మండపం అన్నాడు. నేను సమాధి అన్నాను. అయ్యవారు నవ్వి, "ఇద్దరూ కొంత సరిగ్గానే చెప్పారు" అన్నారు. ఒకే కట్టడం తొట్టీ, సమాధీ ఎట్లా అవుతుందో నాకు అర్థం కాలేదు. తెలుసుకుందామని చదివినదే ఈ వ్యాసం.

క్రైస్తవ మతంలో చేరేవారికి నీళ్లలో చేసే సంస్కారాన్ని బాప్తిస్మం అంటారు, జ్ఞానస్నానం అని కూడా అంటారు. మొదట్లో నదుల్లో, చెరువుల్లో ఇచ్చేవారు. సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపస్ అనే పాత ఊరు ఉంది. అక్కడ క్రైస్తవులు ఒక మామూలు ఇంటినే ప్రార్థన స్థలంగా మార్చుకుని, ఒక గదిలో తొట్టి కట్టి, గోడల మీద బొమ్మలు వేశారు. 256 ప్రాంతంలో పర్షియా సైన్యం ఆ ఊరిని ముట్టడించినప్పుడు, రోమన్లు కోటగోడను బలపరచడానికి దాని పక్క ఇళ్లన్నీ మట్టితో నింపేశారు. ఊరు పోయింది గానీ, ఆ మట్టి కిందే బొమ్మలు భద్రంగా ఉండిపోయాయి. 1930ల మొదట్లో జరిగిన తవ్వకాల్లో అవి బయటపడ్డాయి.

నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రైస్తవులకు అండగా నిలిచాక దాచుకోవలసిన అవసరం పోయింది. పెద్ద పెద్ద చర్చీలు లేచాయి. వాటి పక్కనే బాప్తిస్మానికి విడిగా మందిరాలు కట్టారు. చర్చిలోనే ఒక మూల తొట్టి పెట్టుకుంటే సరిపోదా అని నాకు అనుమానం వచ్చింది. సరిపోదు. అప్పట్లో ఎక్కువగా పెద్దవాళ్లే మతంలో చేరేవారు. బాప్తిస్మం కానివారు ఆరాధన పూర్తిగా చూడకూడదు, మధ్యలోనే బయటికి వెళ్లిపోవాలి. ఎక్కువమందికి ఈస్టర్ రాత్రే బాప్తిస్మం, ఇచ్చేది బిషపు. కాబట్టి ఒకేసారి చాలామంది వస్తారు. బట్టలు విడిచి నీళ్లలోకి దిగాలి, పైకి వచ్చి తెల్లబట్టలు కట్టుకోవాలి. దీనికంతా మరుగూ కావాలి, చోటూ కావాలి.

ఇక ఎనిమిది మూలల సంగతి. వారానికి ఏడు రోజులు. ఏసుక్రీస్తు తిరిగి లేచింది ఆదివారం. ఆ రోజును వాళ్లు ఏడు రోజుల తరువాత వచ్చే ఎనిమిదో రోజుగా, కొత్త సృష్టికి మొదటి రోజుగా లెక్కపెట్టారు. నీళ్లలో మునగడమంటే పాత బతుకు చచ్చిపోవడం, పైకి లేవడమంటే కొత్తగా పుట్టడం. రోమన్లు గొప్పవారి సమాధులనూ, స్నానశాలల్లోని కొన్ని గదులనూ గుండ్రంగానో ఎనిమిది పలకలుగానో కట్టేవారు. బాప్తిస్మ మందిరానికి రెండు పోలికలూ వచ్చాయి. అయ్యవారి మాట నాకు అప్పుడు అర్థమైంది. మిలాన్‌లో బిషపు ఆంబ్రోసు కాలపు మందిరం కూడా ఎనిమిది పలకలదే. 387లో అగస్టీన్ అక్కడే బాప్తిస్మం పొందాడు. దాని పునాదులు ఇప్పటికీ పెద్ద చర్చి కింద కనిపిస్తాయి.

అయ్యవారు తెచ్చిన ఫొటో రవెన్నాది. ఈ ఊరు ఇటలీలో ఈశాన్యం వైపు ఉంది. 402లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యానికి రాజధాని అయింది. అక్కడ ఇలాంటి మందిరాలు రెండున్నాయి. మొదటిది ఊరి రోమన్ క్రైస్తవులది. అయిదో శతాబ్దంలో బిషపు నియోన్ దీని గుమ్మటాన్ని రంగురాళ్ల బొమ్మలతో నింపించాడు. బరువు తగ్గడానికి ఆ గుమ్మటాన్ని బోలు మట్టిగొట్టాలతో కట్టారు. నడిమధ్యలో యోర్దాను నదిలో నిలబడిన ఏసు, చుట్టూ పన్నెండుమంది శిష్యులు. ఈ మందిరం అసలు నేల ఇప్పుడు వీధికి సుమారు 3 మీటర్ల లోతున ఉంది.

రెండోది గోతులది. గోతులు బయటినుంచి వచ్చి ఇటలీలో స్థిరపడినవారు. వాళ్ల రాజు థియోడొరిక్ 493 నుంచి 526 వరకు రవెన్నా నుంచి పాలించాడు. వాళ్లూ క్రైస్తవులే గానీ ఏరియన్ శాఖవారు. కుమారుడు తండ్రితో సమానం కాదని వాళ్ల నమ్మకం. అందుకే వేరే చర్చి, వేరే మందిరం కట్టుకున్నారు. దానికీ ఎనిమిది పలకలే. గుమ్మటంలో అదే నది, అదే ఏసు, అదే పన్నెండుమంది. ఏసుకు మాత్రం గడ్డం లేదు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే, వీళ్లెందుకు కొట్లాడుకున్నారా అనిపిస్తుంది.

గోతులకు సొంత భాష, సొంత లిపి ఉండేవి. నాలుగో శతాబ్దంలో ఉల్ఫిలా అనే బిషపు ఆ లిపిని తయారుచేసి బైబిలును గోతు భాషలోకి తెచ్చాడు. థియోడొరిక్ కాలంలో ఊదారంగు తోలుకాగితాల మీద వెండి, బంగారు సిరాలతో రాసిన ప్రతి ఒకటి ఇప్పుడు స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉంది. 535లో యుద్ధం మొదలైంది. 540లో రవెన్నా జస్టీనియన్ చక్రవర్తి సైన్యం చేతికి వచ్చింది. కొన్నేళ్లకు గోతుల చర్చీలన్నీ అవతలి శాఖకు ఇచ్చేశారు. బాప్తిస్మ మందిరం మరియమ్మ గుడి అయింది. థియోడొరిక్ కట్టించిన రాజభవనం చర్చిలో, గోడమీది బొమ్మల్లో ఉన్న మనుషులను తీసేసి తెరల బొమ్మలు పెట్టారు. కానీ స్తంభాల మీద వాళ్ల చేతులు కొన్ని అలాగే మిగిలిపోయాయి. ఫొటోలో చూశాను. తెరల పక్కన మనిషి లేని చెయ్యి.

తరువాతి కాలంలో పసిపిల్లలకే బాప్తిస్మం ఇవ్వడం వాడుకైంది. చర్చిలోపల ఒక చిన్న రాతితొట్టి చాలింది. పీసా, ఫ్లోరెన్సు వంటి ఊళ్లు మాత్రం ఊరి గౌరవం కోసం గొప్పగా కట్టుకున్నాయి. ఫ్లోరెన్సులో పిల్లలను లెక్కపెట్టడానికి మగపిల్లవాడికి నల్ల చిక్కుడు గింజ, ఆడపిల్లకు తెల్ల గింజ వేసేవారట.

రవెన్నాలో గోతుల మందిరం ఇప్పటికీ గట్టిగా నిలబడి ఉంది. 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కానీ ఇటలీలో గోతు భాష మాట్లాడేవారు ఒక్కరూ మిగల్లేదు. ఇది చదివిన రోజు నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మా అవ్వ తెలుగులో పిలిస్తే మా తమ్ముడు తమిళంలో పలుకుతాడు. వాడిని ఎవరూ యుద్ధం చేసి మార్చలేదు. తమిళం మాకు పరాయిదీ కాదు, ఊళ్లో మా స్నేహితుల భాష. కానీ అవ్వ మాట ఇంట్లోంచి పోతే, ఎంత మంచి కట్టడం ఉన్నా దాన్ని తిరిగి తేలేదు.

ఈ వ్యాసం రాశాక తమ్ముడిని కూర్చోబెట్టి చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు లేచిపోబోయాడు. స్తంభాల దగ్గరికి వచ్చేసరికి ఆగి, "అన్నా, ఆ చేతులు ఎవరివి?" అని అడిగాడు.

తెలుగులోనే అడిగాడు.