అంజలీదేవి (1927–2014)

తెలుగు, తమిళ, హిందీ చిత్రాలలో కథానాయికగా వెలుగొంది, తన పేర వెలసిన అంజలీ పిక్చర్స్ సంస్థ ద్వారా నిర్మాతగానూ స్థిరపడిన అంజలీదేవి 1927 ఆగస్టు 24న అప్పటి తూర్పు గోదావరి జిల్లా పెద్దాపురంలో జన్మించారు. ఆమె అసలు పేరు అంజనీ కుమారి. జానపద చిత్రాలలో అప్సరసగా, మోహినిగా, రాక్షసిగా తొలి పేరు తెచ్చుకున్న నటి, పదహారేళ్ళ తరువాత తెలుగు ప్రేక్షకులు సీతమ్మగా చేతులెత్తి మొక్కిన నటిగా మారడం ఆమె జీవితంలో ప్రధానమైన పరిణామం. ఆ మార్పు వెనుక అందం, అదృష్టం కంటే బలమైన కారణాలు రెండున్నాయి: కాకినాడ రంగస్థలం ఇచ్చిన శిక్షణ, ఎలాంటి చిత్రాలు చేయాలో తానే నిర్ణయించుకోగల నిర్మాణ సంస్థ చేతిలో ఉండడం.

పెద్దాపురం, కాకినాడ ఒకదానికొకటి చేరువలోని ఊళ్ళు.   ఈ ప్రాంతానికి నాటకాల విషయంలో పెద్ద దిక్కు కాకినాడ. ఆ పట్టణంలోని యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అనే నాటక సమాజంలో అంజనీ కుమారి నటనలోను, నృత్యంలోను ఆరితేరారు. తరువాతి కాలంలో మహానటుడిగా పేరొందిన ఎస్.వి. రంగారావు సైతం ఆ సమాజపు వేదిక మీద నటించినవారే. ఆడపిల్లలు రంగస్థలమెక్కడాన్ని గౌరవప్రదమైన పనిగా సమాజం ఎంచని ఆ రోజుల్లో, స్త్రీ పాత్రలను చాలాచోట్ల మగవారే ధరిస్తుండగా, బాలికగా ఉన్నప్పుడే ఆమె వేదిక మీదికి రావడం సామాన్యమైన విషయం కాదు. ఆ సమాజానికి సంగీతం కూర్చి, నాటకాలు రాసి, తీర్చిదిద్దిన పి. ఆదినారాయణరావుతో 1940లో ఆమె వివాహం జరిగింది. ఆయన సంగీత దర్శకుడిగా, ఆమె నటిగా అర్ధశతాబ్దం పాటు కలిసి పనిచేశారు. ఆమె వృత్తిజీవితాన్ని ఆయన సంగీతాన్ని విడదీసి చూస్తే రెండూ అసంపూర్ణంగానే మిగులుతాయి.

సినిమాలో కథానాయికగా మొదటి ప్రయత్నం కలిసిరాలేదు. ఆమె కథానాయికగా ఎల్.వి. ప్రసాద్ తలపెట్టిన 'కష్టజీవి' మూడు రీళ్ళు తీశాక ఆగిపోయింది. రీలు అంటే తెరమీద సుమారు పది నిమిషాలు నడిచే ఫిల్ము చుట్ట గనుక, మొత్తం అరగంట బొమ్మ దగ్గరే ఆ కథ ముగిసింది. ఆమెను నిజంగా సినిమాకు పరిచయం చేసింది కాకినాడవాడే అయిన దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్య. 1934లోనే కలకత్తాలో ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీకి 'లవకుశ' తీసి పేరు పొందిన ఆయన, అంజనీ కుమారి పేరును అంజలీదేవిగా మార్చి, 1947లో విడుదలైన 'గొల్లభామ'లో మోహిని పాత్ర ఇచ్చారు. సి. కృష్ణవేణి కథానాయికగా, రఘురామయ్య కథానాయకుడిగా నటించిన ఆ చిత్రంలో అంజలీదేవిది ప్రధాన పాత్ర కాకపోయినా, ఆమె నృత్యమూ రూపమూ చూసినవారికి గుర్తుండిపోయాయి. మరుసటి ఏడాది 'బాలరాజు', 1949లో 'కీలుగుఱ్ఱం' వచ్చాయి. రాజులు, మంత్రగాళ్ళు, మాయలు, ఎగిరే గుర్రాలతో నడిచే ఇలాంటి కల్పిత గాథలను తెలుగు సినిమా పరిభాషలో జానపద చిత్రాలంటారు. 'కీలుగుఱ్ఱం'లో ఆమె రాజును వలలో వేసుకొనే రాక్షసి పాత్ర వేశారు. పైకి లావణ్యం, లోపల క్రౌర్యం ఉండే ఆ పాత్రను ఎక్కడా అరుపులకు పోకుండా, కళ్ళతోనూ నడకతోనూ పండించిన తీరు ఆమె తొలినాటి నటనలో ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది.

1950లో బి.ఎ. సుబ్బారావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు కలిసి నటించిన 'పల్లెటూరి పిల్ల'లో కథానాయికగా నటించడంతో ఆమె జానపద మోహినుల చట్రం దాటి బయటికి వచ్చారు. 1953లో సి. పుల్లయ్య మళ్ళీ ఆమెతో తీసిన 'పక్కింటి అమ్మాయి' హాస్య చిత్రం. బెంగాలీ 'పాశేర్ బారి' కథ ఆధారంగా వచ్చిన ఆ చిత్రంలో కథానాయకుడు రేలంగి. పాటరాని ప్రేమికుడు స్నేహితుడి గొంతు అరువు తెచ్చుకుని పక్కింటి పిల్లను మెప్పించబోయే ఆ కథే తమిళంలో 1960లో 'అడుత్త వీట్టు పెణ్'గా, హిందీలో 1968లో 'పడోసన్'గా వచ్చింది. తమిళ చిత్రంలో కూడా కథానాయిక అంజలీదేవే. ఆమెను పౌరాణిక పాత్రలకే పరిమితం చేసి తలచుకునేవారు ఈ హాస్య చిత్రాలను తప్పక చూడాలి.

భార్యాభర్తలు కలిసి అంజలీ పిక్చర్స్ స్థాపించడంతో ఆమె వృత్తిజీవితంలో రెండవ దశ మొదలైంది. నటి తన సంస్థను తానే నడుపుకోవడం ప్రపంచ సినిమాలో కొత్త కాదు. అమెరికాలో మేరీ పిక్‌ఫర్డ్ 1919లోనే యునైటెడ్ ఆర్టిస్ట్స్ స్థాపకులలో ఒకరయ్యారు. తెలుగులో భరణీ పిక్చర్స్ నడిపిన భానుమతి, 'మనదేశం' నిర్మించిన కృష్ణవేణి ఈ దారిలో అంజలీదేవికి ముందే నడిచారు. అయితే భానుమతి తన పాటలు తానే పాడుకోగా, అంజలీదేవి పాత్రలకు నేపథ్య గాయనులు, అంటే తెర వెనుక నుంచి గొంతు ఇచ్చేవారు, పాడేవారు. సొంత ఇంట్లోనే సంగీత దర్శకుడు ఉండడం ఆ లోటును పూడ్చింది. 1953లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో 'పరదేశి'ని తెలుగులోను, తమిళంలో 'పూంగోదై' పేరుతోను తీసిన సంస్థ, 1955లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో 'అనార్కలి' నిర్మించింది. సలీంగా నాగేశ్వరరావు, అక్బరుగా ఎస్.వి. రంగారావు నటించిన ఆ చిత్రంలో నర్తకి అనార్కలి పాత్ర అంజలీదేవిది. కాకినాడ వేదిక మీద పెరిగిన ఇద్దరు నటులు మొగలాయి దర్బారులో ఎదురెదురుగా నిలిచిన ఆ సన్నివేశాలు నాటకానుభవం సినిమాకు ఎంతగా పనికివస్తుందో చూపుతాయి.

1957లో వచ్చిన 'సువర్ణసుందరి' సంస్థకు అన్నిటికంటే పెద్ద విజయం. భూలోకానికి దిగివచ్చిన అప్సరస ఒక రాకుమారుణ్ణి ప్రేమించి, ఇంద్రుని శాపానికి గురై, భర్తనూ బిడ్డనూ ఎడబాసి పడే బాధ ఇందులోని ఇతివృత్తం. దీన్ని తమిళంలో 'మణాళనే మంగైయిన్ భాగ్యం'గాను, హిందీలో అదే పేరుతోను తీశారు. ఘంటసాల, జిక్కి గానం చేసిన ఇందులోని యుగళగీతం రాగమాలిక. అంటే ఒక్కో చరణం ఒక్కో రాగంలో నడుస్తూ మాలగా అల్లుకున్న రచన. సోహిని, బహార్, జోన్‌పురి, యమన్ రాగాలు వరసగా వచ్చే ఆ పాటను హిందీలో లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడారు. హిందుస్థానీ రాగాలను తెలుగు సామాన్య శ్రోత నాలుకమీద నిలిపిన ఘనత ఆదినారాయణరావుది. నటన దృష్టితో చూస్తే, 'గొల్లభామ' నాటి మోహినికీ ఈ అప్సరసకూ మధ్య ఉన్న దూరం గమనార్హం: అక్కడ రూపం ముఖ్యం, ఇక్కడ తల్లి దుఃఖం ముఖ్యం. సీత పాత్రకు కావలసిన శోకం ఈ చిత్రంలోనే ఆమెకు పట్టుబడింది.

తరువాతి రెండేళ్ళలో వచ్చిన 'చెంచులక్ష్మి', 'జయభేరి' రెండింటిలోనూ నాగేశ్వరరావే ఆమెకు జోడి. పి. పుల్లయ్య దర్శకత్వం వహించిన 'జయభేరి'లో సంగీత విద్వాంసుణ్ణి పెళ్ళాడిన జానపద నర్తకి పాత్ర ఆమెది. ఆ పెళ్ళి కారణంగానే ఆ విద్వాంసుణ్ణి కులం వెలివేస్తుంది.

'లవకుశ' 1963 మార్చి 29న విడుదలైంది. ఉత్తర రామాయణం ఆధారమైన ఈ చిత్రాన్ని 1958లో సి. పుల్లయ్యే మొదలుపెట్టారు, డబ్బు చాలక నిర్మాణం ఏళ్ళ తరబడి నిలిచిపోయింది. పుల్లయ్య అస్వస్థులు కావడంతో కుమారుడు సి.ఎస్. రావు దీన్ని పూర్తిచేశారు. పూర్తి నిడివి రంగుల్లో వచ్చిన మొదటి తెలుగు చిత్రం ఇదే. రాముడిగా రామారావు, వాల్మీకిగా నాగయ్య నటించారు, ఘంటసాల సంగీతం కూర్చారు. నిండు గర్భిణిగా అడవిలో విడువబడి, నింద మోసి, కొడుకులను పెంచి, చివరకు భూమాతను ఆశ్రయించే సీతను అంజలీదేవి నింపాదిగా, గొంతు పెంచకుండా నటించారు. అడవిలో తనను విడిచి వెళ్ళే లక్ష్మణుడి మాట విన్నప్పుడు కోపం, నమ్మలేనితనం, చివరకు ఆత్మగౌరవం ఒకదాని వెంట ఒకటి ముఖంలో కదలడం ఆ పాత్రకు ప్రాణం. సీతను కేవలం ఓర్పుకు ప్రతిమగా కాక అన్యాయం జరిగిందని తెలిసిన స్త్రీగా చూపడమే ఆ నటన విలువ. పల్లెల నుంచి ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చి చూసిన జనానికి ఆమె ఆ తరువాత సినిమా తారగా కంటే సీతమ్మగానే కనిపించారు. అంతకు ముందు ఏడాదే 'భీష్మ'లో పగబట్టిన అంబగా నటించినది ఆమేనని గుర్తుచేసుకుంటే ఆమె పరిధి అర్థమవుతుంది.

తమిళంలో ఎం.జి. రామచంద్రన్ సరసన 'సర్వాధికారి', 'చక్రవర్తి తిరుమగళ్', 'మన్నాది మన్నన్' చిత్రాలలో, జెమినీ గణేశన్‌తో 'కణవనే కణ్ కండ దైవం'లో నటించారు. మద్రాసులోని దక్షిణ భారత నటీనటుల సంఘానికి అధ్యక్షత వహించిన తొలి మహిళ కూడా ఆమే.

1970ల నాటికి ఆమె తల్లి పాత్రలకు మళ్ళారు. 1972లో వచ్చిన 'బడిపంతులు', అలాగే 'తాత మనవడు' వాటిలో ముఖ్యమైనవి. 'బడిపంతులు'లో వృద్ధ దంపతులలో ఒకరిగా రామారావుతో సమానంగా కథను మోశారు. అంజలీ పిక్చర్స్ 1973లో 'భక్త తుకారాం', 1976లో 'మహాకవి క్షేత్రయ్య' తీసింది. రెండింటిలోనూ కథానాయకుడు నాగేశ్వరరావే. సత్యసాయిబాబా భక్తురాలైన ఆమె ఆయన జీవితం మీద టెలివిజన్ ధారావాహిక కూడా నిర్మించారు. 1991లో ఆదినారాయణరావు మరణించారు. తెలుగు సినిమాకు జీవితకాల సేవ చేసినవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇస్తూ వచ్చిన రఘుపతి వెంకయ్య పురస్కారం 1994లో ఆమెకు లభించింది. 2014 జనవరి 13న, 86 ఏళ్ళ వయసులో, ఆమె చెన్నైలో కన్నుమూశారు.